చప్పుడు లేని చప్పట్లు

ఓస్లోలో జరిగిన యువజన రాజకీయ సదస్సుకు మా కృష్ణానగర్ సినిమా జూనియర్ ఆర్టిస్టుల తరఫున వెళ్లాను. మొదటిరోజు ఒక మంత్రి ప్రసంగం ముగించగానే అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. పక్క కుర్చీలో ఉన్న ఇంగ్రిడ్ అనే అమ్మాయి నా చేతులవైపే చూసింది. ఆమెకు ఇరవై ఏళ్లు, అప్పటికే వాళ్ల ఊళ్లో కౌన్సిలర్.

"ప్రసంగం నచ్చలేదా?" అని ఇంగ్లీషులో అడిగింది. అప్పుడు చూసుకున్నాను, నా అరచేతులు ఒకదానికొకటి తగలడం లేదు.

ఎనిమిదేళ్ల అలవాటు. సభ సీన్లలో హీరో మాటలు రికార్డవుతుంటే వెనకున్న మేము చప్పుడు రాకుండా చప్పట్లు కొట్టాలి, గొంతు రాకుండా నోరు కదపాలి. ఆమెకు అదే చెప్పాను.

"మరి మీ గొంతు ఎప్పుడు రికార్డు చేస్తారు?"

"చెయ్యరు. తర్వాత వేరే జనం గోల తెచ్చి కలుపుతారు."

ఆమె నవ్వలేదు. "ఇక్కడ నచ్చకపోతే ఊరికే కూర్చోవచ్చు, మంత్రి ఏమీ అనుకోడు. నచ్చితే మాత్రం వినపడేలా కొట్టండి," అంది. మధ్యాహ్నం ప్రశ్నల సమయంలో మైకు నా ముందుకు జరిపింది. షూటింగుల్లో మా ఆడవాళ్లకు బాత్రూములు ఉండని సంగతి మాట్లాడాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

తిరిగొచ్చాక మొదటి షూటింగ్ ఫిల్మ్‌నగర్‌లో, మళ్లీ సభ సీనే. హీరో డైలాగ్ మధ్యలో నా చప్పట్లు గట్టిగా మోగాయి. కట్ చెప్పారు. మమ్మల్ని షూటింగులకు తీసుకెళ్లే యాదగిరన్న దగ్గరికొచ్చి, "ఏందిరా, కొత్తగ వచ్చినవా?" అన్నాడు.

"అవునన్నా," అన్నాను.