తమ్ముడి జేబులో ఉప్పు పొట్లాలు

మా తమ్ముడు క్షవరం చేస్తుంటే వాడి ముక్కు ఈల వేసేది. గడ్డం గీయాలంటే మనిషి మీదికి వంగాలి కదా, ఆ ఈల తిన్నగా వాళ్ళ చెవిలోకే పోయేది.

"అన్నా, కుక్కర్ దించేయ్, మూడు విజిల్స్ అయ్యాయి" అనేవాళ్ళు కుర్చీలో కూర్చున్నవాళ్ళు.

"నోరు మూసుకో నాయనా, కత్తి గొంతు మీదుంది" అనేవాడు వీడు.

షాపంతా నవ్వేది. అద్దంలో వాడూ నవ్వేవాడు. ముక్కుకేమైందని ఎవరైనా అడిగితే, చిన్నప్పుడు సైకిలు మీంచి పడ్డానని చెప్పేవాడు.

అసలు సంగతి సైకిలు కాదు. వయసులో ఉండగా చెడు సావాసం పట్టి తెల్లపొడి పీల్చాడు. ఇల్లు గుల్లయింది. బడికెళ్ళే కూతుర్ని వెంటపెట్టుకుని భార్య వెళ్ళిపోయింది. ఆ తరువాత ఆస్పత్రిలో పడి, ఒళ్ళంతా వణికి, పళ్ళు బిగబట్టి మానేశాడు. మళ్ళీ ముట్టలేదు. "మానేశారు, సంతోషం. కానీ ముక్కు లోపలి గోడకు చిల్లు పడింది. అది ఇక తనంతట తాను పూడదు" అంది డాక్టరమ్మ.

లోపల పక్కులు కట్టేవి. గట్టిగా తుమ్మితే రక్తం. వాసన అసలే తెలియదు. మావారు పోయాక మేడ మీది గది వాడికిచ్చాను. రోజూ పొద్దున్నే చొక్కా చేత్తో పట్టుకుని నా గుమ్మంలో నిలబడేవాడు.

"అక్కా, ఇది ఇవాళ్టికి నడుస్తుందా?"

"నడవడమేమిట్రా, పరుగెడుతుంది. బకెట్లో పడెయ్."

ఈ మధ్య ఆ బకెట్లో నా చీరలు తప్ప ఏమీ ఉండటం లేదు.

పూటపూటా ఉప్పునీళ్ళతో ముక్కు కడుక్కోమంది డాక్టరమ్మ. ఉప్పూ వంటసోడా కలిపి నేనే చిన్న చిన్న పొట్లాలు కట్టి ఇచ్చేదాన్ని. కాచి చల్లార్చిన నీళ్ళ సీసా షాపులోనే ఉంచుకునేవాడు.

కూతురు వాణ్ణి చాలా ఏళ్ళు గడప తొక్కనివ్వలేదు. తనకు కొడుకు పుట్టి, వాడు నడక నేర్చాక ఒకరోజు నాకు ఫోన్ చేసింది. "అత్తా, వీడి జుట్టు కళ్ళలో పడుతోంది. నాన్నని తీసుకురా." ఆ మాట చెప్పగానే తమ్ముడు కత్తెర్లు వేణ్ణీళ్ళలో వేశాడు. మనవడి దగ్గరికి రానిస్తుందో లేదోనన్న బెంగ వాడికి ఎప్పుడూ ఉండేది.

వాళ్ళింటికి వెళ్ళాక పిల్లాడు తాత ముక్కు ఈల విని ఒకటే కేరింతలు. ఒక పక్క కత్తిరించడం అయిందో లేదో, వాడి భుజం మీది తెల్లగుడ్డ మీద రక్తం చుక్క పడింది. తమ్ముడు ముక్కు పట్టుకుని కుళాయి దగ్గరికి పోయాడు. జేబురుమాలు ఇద్దామని కూతురు వాడు విప్పి పెట్టిన కోటు జేబులో చెయ్యి పెట్టింది. పొట్లం కింద పడి విచ్చుకుంది.

తెల్లపొడి. రక్తం. ఆ పిల్ల మొహం పాలిపోయింది.

"నువ్వింకా మానలేదా నాన్నా?"

వాడు తల వంచుకుని నీళ్ళు చల్లుకుంటూనే ఉన్నాడు. "అది ఉప్పు, అమ్మా" అని ఒక్క ముక్క అనలేదు. కత్తెర్లు సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయాడు. పిల్లాడి తల ఒక పక్క నున్నగా, ఒక పక్క గడ్డివాములా ఉండిపోయింది.

నేలమీది పొడి వేలికద్దుకుని నాలిక మీద పెట్టుకున్నాను. "నువ్వూ చూడవే" అన్నాను. ఆ పిల్ల భయపడుతూనే రుచి చూసింది.

"ఉప్పు" అంది. "మరి ఆ మాట తనెందుకు చెప్పలేదత్తా?" అంది.

"ఆ నోటితోనే మీ అమ్మకి ఎన్ని అబద్ధాలు చెప్పాడో వాడికి గుర్తుండదా?"

మర్నాడు తమ్ముణ్ణి బతిమాలి మళ్ళీ తీసుకెళ్ళాను. ఆ పిల్ల కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. వంటింట్లో పాలు పొంగి మాడు వాసన వస్తున్నా లేవలేదు, నేనే పరుగెత్తాను. రెండో పక్క కత్తిరించడం పూర్తయ్యేదాకా తండ్రి చేతుల మీంచి చూపు తిప్పలేదు.

దారిలో నాకు కడుపు మండిపోయింది. "ఉప్పని తెలిశాక కూడా కాపలా కూర్చుంది చూశావా?"

"కూర్చోనీ అక్కా" అన్నాడు వాడు. "చిన్నప్పుడు అది నాకేసి చూస్తే చాలు, పక్క గదిలోకి పోయి తలుపేసుకునేవాణ్ణి. ఇవాళ ఎంతసేపు చూసిందో! నేనూ ఎటూ పోలేదు."

ఆపైన ఊపిరితిత్తులకి నెమ్ము చేసి పోయేదాకా నెలనెలా వెళ్ళి మనవడి జుట్టు కత్తిరించి వచ్చాడు. ప్రతిసారీ ఆ పిల్ల కుర్చీ వేసుకునే కూర్చుంది. ఒక్కనాడూ ఆ కుర్చీ తీయమని వాడు అడగలేదు.