కనెక్టరు వేసిన ఈల

మనిషికి జీవితంలో అన్నీ తెలిసిన కాలం ఒకటి ఉంటుంది. చదువు పూర్తయి, మొదటి ఉద్యోగంలో చేరి, మొదటి పొరపాటు ఇంకా జరగని ఆ కాస్త వ్యవధి అది. నాకు ఆ రోజులు వినుకొండ కొండ కింద, రేకుల షెడ్డులో గడిచాయి. అరవైల్లో మాట. కొత్త కాలవ తవ్వుతున్నారు. పనులు జరిగే చోట్ల వైర్‌లెస్ సెట్లు పెట్టి, ఒక క్యాంపు నుంచి ఇంకో క్యాంపుకి మాట్లాడుకునేవారు. డిప్లొమా ఫస్టు క్లాసులో పాసైన నన్ను ఆ సెట్లు బాగుచేసే పనికి తీసుకున్నారు. (ఫస్టు క్లాసు సంగతి అడక్కుండానే చెబుతున్నాను చూశారా? అప్పుడూ అంతే, టీ కొట్టువాడికి కూడా చెప్పాను.) మాట్లాడే ఆపరేటరు వేటపాలెం కుర్రాడు, నా ఈడువాడే. అందరూ భాయి అనేవాళ్ళం. గొంతు కంచులా మోగేది. వైర్‌లెస్ లేకపోయినా దర్శికి వినపడుతుందని క్యాంపులో నవ్వుకునేవారు.

దర్శి క్యాంపు మాటలు మాత్రం మాకు సరిగా వినపడేవి కావు. కొండ అడ్డం. సిమెంటు బస్తాలు ఎన్ని కావాలో వాళ్ళు చెబితే, ఎన్ని వచ్చాయో అని మేము రాసుకునేవాళ్ళం. అందుకని ఒక పత్రికలో బొమ్మ చూసి, బలహీనంగా వచ్చే సంకేతాన్ని పెంచే చిన్న పరికరం ఒకటి తయారుచేయడానికి పూనుకున్నాను. రాగిరేకు అంటించిన అట్ట మీద గీతలు మిగిల్చి తక్కిన రాగిని ఆమ్లంలో కరిగించి, సర్క్యూట్ బోర్డు చేశాను. మా ప్రాంతంలో అలాంటిది చేసిన మొదటి మనిషిని నేనేనని నా నమ్మకం. (ఎవర్నీ వాకబు చేయలేదు, చేస్తే నమ్మకం పోతుందని.) ఇక స్తంభం మీది ఏరియల్ నుంచి దిగే లావుపాటి కేబుల్‌ని బోర్డుకి కలపడానికి కోయాక్సియల్ కనెక్టరు కావాలి. స్టోరు డబ్బాలో రెండు రకాలు దొరికాయి. ఒకటి చిన్నది, మెలితిప్పితే టక్కున పట్టుకునేది, చూడ్డానికి నల్లబడి దిగులుగా ఉంది. రెండోది పెద్దది, మరచుట్లతో, వెండిపూతతో పెళ్ళికొడుకులా మెరుస్తోంది. ఏది తీసుకున్నానో మీకు చెప్పక్కర్లేదు.

ఆ కనెక్టరుకి చుట్టూ నాలుగు బెజ్జాలున్నాయి. ఇనప పెట్టెకో, మందమైన రేకుకో మరలతో బిగించమని వాటి అర్థం. పెట్టెలో పెడితే నా బోర్డు అందం ఎవరికి కనపడుతుంది? అందుకని నడిమి సూదిని మాత్రం బోర్డు మీద రాగిగీతకి టంకం వేసి, కనెక్టరు ఒంటిని జానెడు తీగతో ఎర్తుకి కలిపాను. ఆ తీగని చక్కగా వంపు తిప్పి జడలా పడుకోబెట్టాను కూడా. భాయి వేలితో తోసి చూశాడు.

"ఏరా, ఇది ఊగుతోందేంటి?"

"కనెక్టరు ఊగితే ఏంరా, కరెంటు ఊగదుగా!" అన్నాను.

ఆ ముక్క అనేసి ఎంత మురిసిపోయానో ఇప్పటికీ గుర్తే.

మర్నాడు పొద్దున స్విచ్చి వేయగానే దర్శి ఆపరేటరు దగ్గు కూడా స్పష్టంగా వినపడింది. భాయి నన్ను వాటేసుకున్నాడు. ఆ రోజే కొత్త కాలవలో మొదటిసారి నీళ్ళు వదిలి చూస్తున్నారు. ఇంజనీరు గారు (పెద్ద మీసాలు, అంతకన్నా పెద్ద గొంతు) మాకు నాలుగైదు మైళ్ళ ఎగువన గేటు దగ్గర సెట్టు పెట్టుకుని కూర్చున్నారు. కాస్త ఎండ ఎక్కాక గాలి లేచింది. స్తంభం మీంచి వేలాడే కేబుల్ ఊగింది, దాంతోపాటు నా పెళ్ళికొడుకూ ఊగాడు.

"వినుకొండా, ఎలా ఉంది?" అన్నారు ఇంజనీరు గారు.

"అంతా బాగుందండీ" అన్నాడు భాయి.

"నువ్వు మాట్లాడుతుంటే పక్కన ఎవడయ్యా ఈల వేస్తోంది?"

"ఎవరూ లేరండీ."

"మళ్ళీ వేశాడు! డ్యూటీలో ఉన్నామనుకుంటున్నారా, సినిమా హాల్లో ఉన్నామనుకుంటున్నారా?"

భాయి నా మూతి వంక చూశాడు. నేను రెండు చేతులతో నోరు మూసుకుని చూపించాను. అటువైపు ఈల మాత్రం ఆగలేదు. ఆయన మాట్లాడితే మా సెట్లో, మేం మాట్లాడితే ఆయన సెట్లో, సన్నగా, కేబుల్ ఊపుకి తగ్గట్టు రాగాలు తీస్తూ.

సరిగ్గా అప్పుడు పంచె ఎగ్గట్టుకుని ఓ పెద్దాయన షెడ్డులోకి దూసుకొచ్చాడు. కాలవ దిగువన కల్లం ఆయనది, ఏడాది పంట మిరపకాయలన్నీ ఎండబోసి ఉన్నాయి.

"ఒరేయ్ అబ్బాయిలూ! గట్టు కారతా ఉందిరా! నా కాయలు పోతయ్యి! ఆ నీళ్ళు ఆపమని చెప్పండ్రా!"

భాయి మైకు అందుకుని అరిచాడు. "సార్, గట్టు కారుతోంది, గేటు దించండి! దించండి!"

"ఈల తప్ప ఏమీ వినపడటం లేదయ్యా! ఏంటి, పెంచాలా?"

"పెంచొద్దు సార్! దించండి!"

"సరే, పెంచుతున్నాం!"

పెద్దాయన నెత్తి మీద చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. ఏం చేయాలో తోచక నా పరికరాన్ని రెండు చేతులా పట్టుకున్నాను. సెట్లోంచి వచ్చే ఈల గభాలున స్వరం మార్చింది. చెయ్యి తీస్తే ఇంకో స్వరం. ఈల వేస్తున్నది నా బోర్డే! ఊగి ఊగి టంకం బీటలు వారింది. ఆ జానెడు తీగ అంత హెచ్చు ఫ్రీక్వెన్సీలో ఎర్తుకి దారి ఇవ్వకుండా తీగచుట్టలా అడ్డుపడుతోంది. పెంచిన సంకేతమే తిరిగి మొదటికొచ్చి, మళ్ళీ పెరిగి, ఏరియల్ ఎక్కి ఊరంతా తిరుగుతోంది. ఆలోచించే వ్యవధి లేదు, కేబుల్ పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. వెండి కనెక్టరు, రాగిగీత, నా ఫస్టు క్లాసు అన్నీ కలిసి ఊడొచ్చాయి. కేబుల్ తీసుకెళ్ళి నేరుగా సెట్టుకి బిగించాను. ఈల చచ్చింది.

"గేటు దించండి సార్, గట్టు కారుతోంది!" అన్నాడు భాయి.

"దించడమా? అలా చెప్పి చావరేమయ్యా ఇందాకటి నుంచీ!" అన్నారాయన.

అప్పటికే కాలవలోకి వచ్చిన నీళ్ళు తగ్గడానికి సమయం పడుతుంది కదా, పెద్దాయన వెంట మేమూ కల్లానికి పరిగెత్తాం. ఆయన ఇంటివాళ్ళతో కలిసి చేటలతో, గంపలతో, చివరికి ఉత్త చేతులతో కాయలన్నీ మెరక మీదికి ఎత్తిపోశాం. ఒక మూల కొన్ని తడిశాయి, తక్కినవి దక్కాయి. "పోన్లేరా, బతికించారు" అన్నాడు పెద్దాయన. ఆ ఈల కథలో నా పాత్ర ఆయనకి బొత్తిగా అర్థం కాలేదు. చెబుదామని నోరు తెరిస్తే ఘాటుకి దగ్గు తెర వచ్చింది. చెమట కారుతుంటే అదే చేతులతో కళ్ళు తుడుచుకున్నాను. ఆ తరువాత నాకు లోకం కనపడలేదు.

ఇంజనీరు గారి జీపు వచ్చేసరికి షెడ్డు ముందు నిలబడి ఉన్నాను. కళ్ళు చింతనిప్పులు, బుగ్గల మీద ధారలు, ముక్కు ఎగబీలుపు. ఆయన ఊడిన కనెక్టరుని చేతిలోకి తీసుకుని, నా వంక చూశారు. తిట్టడానికి తెచ్చుకున్న ముఖం మెల్లగా మారిపోయింది.

"ఛ, ఊరుకోవయ్యా. మగపిల్లాడివి, ఇంతలా ఏడుస్తారా? పనన్నాక పొరపాట్లు జరగవూ?"

"అది కాదండీ..." అనబోతే పెద్ద తుమ్ము వచ్చింది. దాన్ని ఆయన వెక్కిలి అనుకుని నా వీపు నిమిరారు. "ఇంత బాధపడేవాడివి, నువ్వు తప్పక బాగుపడతావు. ఈసారి ఇనప పెట్టెలో పెట్టి, నాలుగు మరలూ బిగించు. ఆ ఎర్తు తీగ పొడుగు లేకుండా చూడు" అన్నారు. వెనకాల భాయి గోడవైపు తిరిగి భుజాలు ఎగరేస్తూ నవ్వుతుంటే, "పాపం, స్నేహితుడు కూడా ఏడుస్తున్నాడు" అని ఆయన వాణ్ణీ ఓదార్చారు.

మళ్ళీ చేశాను, నల్లబడిన చిన్న కనెక్టరుతో, పెట్టెకి ఆనించి, ఒంటినంతా రేకుకి అంటించి. అందంగా లేదు, బాగా పనిచేసింది. తరువాత ఉద్యోగంలో చాలా బోర్డులు చేశాను, మెప్పులూ పొందాను. ఆ సాయంత్రం వీపు మీద పడ్డ చెయ్యంత ఆప్యాయంగా ఏదీ తగల్లేదు. అప్పటి నేననే ఆ కుర్రాడు ఇప్పుడు ఎదురైతే కనెక్టర్ల గురించి ఏమీ చెప్పను. చెప్పినా వినే రకం కాదు. ముందు చేతులు కడుక్కుని, ఆ తరువాత కళ్ళు తుడుచుకోమని మాత్రం చెబుతాను.