గాజుపలక మీద తమ్ముడు

ఆ బడిలో జీవశాస్త్రం చెప్పే ఆవిడని పిల్లలు ఉల్లిపొర టీచరమ్మ అంటారు. ఏటా మొదటి పాఠం ఉల్లిపాయతోనే. పొర ఒలిచి గాజుపలక మీద పరిచి, సూక్ష్మదర్శిని కింద పెట్టి, "గోడకి ఇటుకలు పేర్చినట్టు ఉన్నాయే, అవే కణాలు. నువ్వూ నేనూ కూడా అలాంటివాటి పోగులమే" అంటుంది. ఇన్ని ఉల్లిపాయలు కోసినా కంట తడి పెట్టని మనిషి ఈవిడొక్కతే అని తోటి టీచర్లు ఆటపట్టిస్తారు. ఆవిడ కన్నీళ్లు వేరే పలక దగ్గర ఖర్చవుతాయని వాళ్లకేం తెలుసు!

అది రక్తం పలక. ఉల్లిపొర తర్వాత దాన్నే చూపిస్తుంది. "మనిషి రక్తం. ఎర్రకణాలకి మధ్యలో కేంద్రకం ఉండదు, చూశారా? ఒంట్లో నాలుగు నెలలు తిరిగి రాలిపోతాయి" అని చెబుతుంది. ఒకసారి ఒక పిల్ల, "ఈ రక్తం ఎవరిదో, వాళ్లు బతికే ఉన్నారా టీచర్?" అని అడిగింది. "ఉన్నాడు" అనేసింది ఆవిడ. అబద్ధమని ఆ క్షణాన తనకే అనిపించలేదు.

చదువుకునే రోజుల్లో, పలక తయారుచేయడం నేర్చుకుంటూ ఇంట్లో తన వేలూ తమ్ముడి వేలూ గుచ్చింది. "అక్కా, చూడటం అయ్యాక మళ్లీ లోపల పోసేస్తావుగా?" అని వాడు ఒకటే గోల. నవ్వుతూనే రెండు పలకల మీదా పేర్లు సిరాతో రాసింది. అక్కడే తప్పులో కాలేసింది. పెన్సిల్‌తో రాయాలి. రంగు వేసే ముందు రక్తం పలకని అంటిపెట్టుకోవడానికి స్పిరిట్‌లో ముంచేసరికి పేర్లు రెండూ కరిగిపోయాయి. ఏది ఎవరిదో తెలియలేదు. పోనీలే, మళ్లీ గుచ్చుదాం అనుకుంది. నెల తిరక్కుండా జ్వరం వచ్చి తమ్ముడు పోయాడు.

ఒక పలక మీద రక్తం మొద్దుగా, అడ్డదిడ్డంగా పరుచుకుని ఉంది. వాడి చెయ్యి కుదురుగా ఉండి చావదు కాబట్టి అదే వాడిదని మనసుకి సర్దిచెప్పుకుంది. రెండో పలక కొన్నేళ్లకి బీరువా జరుపుతుంటే కిందపడి ముక్కలైంది. "పోతే పోయింది, నాదేగా" అని ఊడ్చి చెత్తబుట్టలో వేసింది.

భయం ఆ తర్వాత మొదలైంది. ఏది ఎవరిదో తేల్చుకునే దారి ఒకటుంది, అది ఆవిడకి తెలుసు. ఆడవాళ్ల తెల్లకణాల్లో, వందలో ఏ రెండు మూడింటికో, ఊదారంగు పట్టిన కేంద్రకం అంచున సన్నటి దారానికి వేలాడుతూ చిన్న బుడిపె ఉంటుంది. మగవాళ్లకి ఉండదు. ఒక్క బుడిపె కనపడితే చాలు, ఆ పలక తనదే. అందుకే ఇన్నేళ్లూ తెల్లకణాల జోలికి పోలేదు. తరగతి మొదలవకముందే గదికి వచ్చి కటకానికి కన్ను ఆనించి, "ఏరా తమ్ముడూ, ఎలా ఉన్నావు?" అనేది. కుళాయి కారినా కిటికీ రెక్క కొట్టుకున్నా ఎవరో "అక్కా" అన్నట్టే ఉండేది. అయినా మర్నాడు మళ్లీ వచ్చేది.

ఈ ముచ్చట ఆ బడిలోనే చదివే పక్కింటి పిల్ల చెవిన పడి, దాని నోట అమ్మ దాకా పోయింది. కొడుకు పోయినప్పటినుంచీ అమ్మ వాడి ఊసెత్తలేదు. కూతురితోనూ అన్నం తిన్నావా అన్న మాట తప్ప మరో మాట లేదు. అలాంటి అమ్మ ఒక మధ్యాహ్నం బడికి వచ్చి గుమ్మంలో నిలబడింది.

"నా కొడుకుని నీ దగ్గర పెట్టుకుని నాకు చెప్పలేదేమే? చూపించు."

టీచరమ్మ, కణాలు పెద్దగా కనపడేలా పలక మీద నూనె చుక్క వేసి, ఎర్రకణాలు మాత్రమే ఉన్నచోట సరిచేసి, అమ్మని కుర్చీలో కూర్చోబెట్టింది. అమ్మ కన్ను ఆనించింది. చెయ్యి ఆనించుకోవడానికి తడుముతుంటే పక్కనున్న, పలకని జరిపే మర తిరిగి, పలక జరిగింది.

"ఇదేమిటే? ఎర్రటివాటి మధ్య ఊదారంగుది ఒకటుంది. దానికి బొట్టంత కాయ వేలాడుతోంది."

టీచరమ్మ అమ్మని కాస్త జరగమని, వంగి చూసింది. సన్నటి దారం, దాని చివర బుడిపె. అనుమానమే లేదు. ఇన్నేళ్లూ తను పలకరించింది తన రక్తాన్నే. తమ్ముణ్ని తన చేతులతోనే ఊడ్చి పారేసింది.

"వాడేనా?" అంది అమ్మ.

"వాడేనమ్మా."

అమ్మ మళ్లీ కన్ను ఆనించింది. పసివాడితో మాట్లాడుతున్నట్టు గొంతు తగ్గించింది.

"నాన్నా, నువ్వు పోయావన్న ఏడుపులో పడి, ఇంట్లో ఇంకో బిడ్డ ఉందనే మర్చిపోయానురా. అది ఎదురుగా తిరుగుతుంటే మొహం కూడా చూడలేదు. దానితో చెప్పడానికి నాకు మొహం చెల్లటం లేదు. నీతో చెప్పుకుంటున్నాను."

టీచరమ్మ కుర్చీ వెనకే నిలబడింది. కాదమ్మా, అది నేనే అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అమ్మ ఆపేస్తుంది.