నలుగురం చల్లిన తవుడు

నా చిన్నప్పుడు ఏటా ఎండాకాలంలో కాలవలు కట్టేసేవారు. పూడిక తీయడానికి, గట్లు బాగు చేయడానికి నీళ్లు ఆపేస్తే కాలవంతా ఎండిపోయి, మా ఊరి లాకుల కింద మాత్రం లోతైన మడుగొకటి మిగిలేది. చేపలన్నీ అక్కడికే చేరేవి. పిల్లలం ఆ మడుగు దగ్గర గాలాలతో పందెం వేసుకునేవాళ్లం. పొద్దున్న మొదలుపెట్టి ఎండ నెత్తిమీదికి వచ్చేలోగా అందరికంటే పెద్ద చేపను పట్టినవాళ్లు గెలిచినట్టు. అన్నిటికంటే పెద్దదైన బొచ్చె చేప గనక పడితే, మళ్లీ కాలవ కట్టేసేదాకా వాళ్ల గొప్పలు వినాల్సిందే.

ఆ ఏడు పందెంలో నలుగురం ఉన్నాం. నేను, నా క్లాసువాళ్లు ఇద్దరు, పక్కింటి అక్క. అక్క మాకంటే కాస్త పెద్దది. గాలం వేయడంలో మేమెవరమూ ఆమెకు సాటి వచ్చేవాళ్లం కాదు.

అంతకు ముందు చలికాలంలో మా నాన్న పోయారు. అమ్మకు తోడుగా ఉండడానికి మా మావయ్య వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయాడు. నవ్వించే మనిషి. ఊళ్లో పిల్లలంతా ఆయన వెనకాలే తిరిగేవారు. అది నాకు నచ్చేది కాదు. భోజనాల దగ్గర నాన్న కూర్చునే చోట ఇప్పుడు ఆయన కూర్చుంటున్నాడు. ఆయన నన్ను ఆ పిల్లల్లో ఒకడిగా చూస్తున్నాడా, వేరుగా చూస్తున్నాడా అని నేను రోజూ కనిపెడుతూ ఉండేవాణ్ణి.

పందేనికి కొన్నాళ్ల ముందు ఆయన నన్ను పెరట్లోకి పిలిచాడు. బొచ్చె ఊరికే రాదని, దానికి ఒక చోటు అలవాటు చెయ్యాలని చెప్పాడు. తవుడు దోరగా వేయించి, నువ్వుల చెక్క పొడి కలిపి, తడిపి ముద్దలు చేసి, లాకుల మెట్ల పక్కన నీళ్లలోకి వంగి ఉన్న నల్లరాయి దగ్గర రోజూ వేయాలట. పందెం రోజు ఆ రాయి మీద కూర్చునే గాలం వేయాలట.

"పొద్దుగూకాకే వెళ్లు. ఎవరి కంటా పడకు. నీకొక్కడికే చెప్తున్నాన్రా, తెలిసిందా?" అన్నాడు.

చేప సంగతి అలా ఉంచితే, ఆ 'నీకొక్కడికే' అన్న మాట నాకు ఆ రాత్రి నిద్ర పట్టనివ్వలేదు.

గేదెకు పెట్టే తవుడులోంచి రోజూ దోసెడు తీసేవాణ్ణి. చీకటి పడుతుండగా ఆ రాయి మీద కూర్చుని ముద్దలు జారవిడిచేవాణ్ణి. అవి నీళ్లలో విచ్చుకుంటూ కిందికి దిగేవి. ఇంటికొచ్చాక, అన్నం తింటూ మావయ్య నావైపు చూసి కనుబొమలెగరేసేవాడు. నేను తలూపేవాణ్ణి. అమ్మకు కూడా తెలియని సంగతొకటి మా ఇద్దరి మధ్య ఉండేది. నాన్న పోయాక నేను కడుపునిండా తిన్నది ఆ రోజుల్లోనే.

పందెం నాడు లాకుల మీద నిలబడి, ముందు చేరినవాళ్లదే చోటు అనుకున్నాం. నలుగురం ఒకే రాయి వైపు పరిగెత్తాం.

"ఒరేయ్, ఇది నా చోటు," అన్నాడు నా క్లాసువాడొకడు, రాయి మీద కాలు పెట్టి.

"నీ పేరేమన్నా రాసుందా? తెల్లారగట్ల లేచి రోజూ మేత వేసింది నేను," అంది అక్క.

"మిట్టమధ్యాహ్నం అరికాళ్లు కాల్చుకుని వేసింది నేను," అన్నాడు రెండోవాడు.

నన్ను చాటుగా చూశావంటే నన్ను చూశావని అరుచుకున్నాం. అక్కే ముందుగా ఆగింది. మా ముగ్గురి మొహాలూ ఒకసారి చూసి, "ఆగండ్రా. మేత వెయ్యమని మీకెవరు చెప్పారు?" అని అడిగింది. క్లాసువాళ్లిద్దరూ నావైపు చూశారు.

"వీళ్ల మావయ్యగారే కదూ," అంది అక్క. "నాకొక్కదానికే అన్నారు."

అప్పటికే మావయ్య గట్టు దిగి వస్తున్నాడు. చేతిలో ఆయన గాలం ఉంది. "జరగండి జరగండి, పెద్దాణ్ణి కూర్చోనివ్వండి," అని నవ్వుతూ రాయి మీద కూర్చున్నాడు. "ఒక్కడు చల్లే మేతకి వేలెడు పరిగెపిల్లలే వస్తాయర్రా. నలుగురు చల్లితేనే బొచ్చె వచ్చేది. ఈ మాట ముందే చెప్తే మీరు కలిసేవాళ్లా? కొట్టుకుచచ్చేవాళ్లు."

ఎండ ఎక్కకముందే ఆయన గాలానికి బొచ్చె పడింది. వెదురు కర్ర విల్లులా వంగింది. మిగతా ముగ్గురూ అలకలు మరిచిపోయి, నీళ్లలోకి దిగి, కేకలు వేస్తూ దాన్ని ఒడ్డుకు లాగారు. నేను మెట్ల మీదే నిలబడ్డాను. నా గాలం దారం కూడా విప్పలేదు.

చేపను కోసి నాలుగిళ్లకూ పంచారు. నేను ముట్టలేదు. ఓడిపోయానని అలిగాననుకుంది అమ్మ. సాయంత్రం అక్క వచ్చి అరుగు మీద నా పక్కన కూర్చుంది.

"ఓడింది నలుగురమూనూ. నీకొక్కడికే ఏంట్రా ఏడుపు?" అంది. మళ్లీ తనే అంది, "మాకు చేప సంగతొక్కటే చెప్పారు. నీకైతే ఆయన ఇంట్లో మనిషి."

మంచి మాటే. ఆ రోజు నాకు అది ఎక్కలేదు.

పిల్లలకి కలిసి పనిచేయడం నేర్పానని మావయ్య చాలా ఏళ్లు ఈ కథ చెప్పుకున్నాడు. మిగతా ముగ్గురూ నిజంగానే అది నేర్చుకున్నారేమో. నన్ను చదివించింది ఆయనే, నా పెళ్లి చేసింది ఆయనే. ఆయన పోయినప్పుడు నేను ఏడ్చాను కూడా. కానీ ఆ పందెం తరవాత అన్నం దగ్గర ఆయన కనుబొమలెగరేస్తే నేను కంచంలోకి చూసేవాణ్ణి. కొన్నాళ్లకు ఆయన మానేశాడు.

ఈ మధ్యనే మా ఆవిడ పోయింది. రాజమండ్రి ఆసుపత్రిలో ఉండగా, ఒక మధ్యాహ్నం తన పెళ్లికి ముందటి సంగతొకటి చెప్పింది. ఇన్నేళ్లూ ఎవరితోనూ అనలేదండీ, మీతోనే అంటున్నాను అంది. ఆమె అబద్ధమాడే మనిషి కాదు. నేను నమ్మాను. కాకపోతే నమ్మడానికి ముందు చిన్న ఆలస్యమైంది. ఇంకెవరికి చెప్పి ఉంటుందా అని, ఆ కాసేపూ నా మనసు వెతికింది. నాతో అంతకాలం కాపురం చేసిన మనిషి కాబట్టి, ఆ ఆలస్యాన్ని ఆమె పోల్చుకునే ఉంటుంది.