కొట్టేసిన ‘జ’

ఆ వీధిలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. చుక్కల మామ అంటే చిన్నా పెద్దా అందరికీ తెలుసు. మతపుస్తకాలు అచ్చువేసే ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ఆయన పని. అరబీ అక్షరానికి ఒక్క చుక్క తగ్గినా, ఎక్కువైనా మాటే మారిపోతుంది కదా, ఆ చుక్కల కోసం కళ్లు చికిలించీ చికిలించీ నుదుటి మీద మూడు ముడతలు శాశ్వతంగా నిలిచిపోయాయి. మనిషి మంచివాడే గానీ చాదస్తం పాలు కాస్త ఎక్కువ. ఎవరైనా "ప్రవక్త ఇలా అన్నారట" అని మొదలుపెడితే చాలు, విన్నదెవరు, ఆ విన్నవాడు ఎవరికి చెప్పాడు, ఒక్కడే విన్నాడా ఇంకెవరైనా ఉన్నారా అని ఆరా తీసేవాడు. పెళ్లి భోజనాల దగ్గర కూడా ఇదే గోల కావడంతో జనం ఆయన పక్క కుర్చీ వదిలేసి కూర్చునేవాళ్లు.

ఆయన భార్యను స్నానాలక్క అనేవాళ్లు. ఆ చుట్టుపక్కల ఏ ఇంట్లో ఆడమనిషి పోయినా చివరి స్నానం చేయించి కఫన్ గుడ్డ చుట్టేది ఆవిడే. చేయి మెత్తన, మాట కరుకు. పోయినావిడ భర్త ఏడుస్తూ గుమ్మం దాకా వస్తే చెయ్యి అడ్డం పెట్టి, మీ ఇద్దరికీ తెగిపోయింది నాయనా, ఇప్పుడు నువ్వు పరాయివాడివి, ముఖం చూడకూడదు అని తలుపు వేసేసేది. అది ఆవిడ సొంత పైత్యం కాదు. అంతిమ స్నానం గురించి భర్త దిద్దిన చిన్న పుస్తకంలో, ముప్పై ఒకటో పేజీలో ఉన్న మాట. చదువు అంతంతమాత్రమైనా ఆ పుస్తకం మాత్రం ఆవిడకు కంఠోపాఠం. మా ఆయన దిద్దిన దాంట్లో తప్పుండదు అని గొప్పగా చెప్పుకునేది.

ఇప్పుడు ఆవిడే మంచం పట్టింది. కాలేయం చెడిపోయింది, వారాలు కూడా చెప్పలేను అన్నాడు డాక్టరు. ఆవిడ కంగారుపడలేదు. స్నానం చేయించే బల్లను గోడ మీంచి దింపించి ఎండలో కడిగించింది. తన కఫన్ గుడ్డను మంచం మీద కూర్చునే కత్తిరించుకుంది. ఆవిడ దగ్గర పని నేర్చుకున్న చిన్నక్క రోజూ మధ్యాహ్నం వచ్చి కాళ్ల దగ్గర కూర్చునేది. మాట్లాడుతూ మాట్లాడుతూ రోగిని తల నుంచి పాదాల దాకా ఒకసారి చూసేది. ఆ చూపు దేన్ని కొలుస్తోందో మామకు తెలుసు. ఇంట్లో ఉన్న మనిషిని ఇంకా ఉండగానే ఎవరో మూట కడుతున్నట్టు ఆయనకు అనిపించేది.

ఒకరోజు చిన్నక్క, పక్కింటి ఇద్దరాడవాళ్లు వింటుండగా ఆవిడ మామ దగ్గర మాట తీసుకుంది. ప్రాణం పోగానే మీరు బయటికి వెళ్లిపోవాలి, లోపలికొస్తే ఆ పాపం నాకూ చుట్టుకుంటుంది అంది. ఆయన్ని రానివ్వొద్దని చిన్నక్క చెయ్యి పట్టుకుని ఆమెకూ ఒప్పజెప్పింది. ఆయన సరే అన్నాడు. అనక ఏం చేస్తాడు?

సరిగ్గా ఆ వారమే ప్రెస్సు యజమాని ఆ అంతిమ స్నానం పుస్తకాన్ని కంప్యూటరులో మళ్లీ కంపోజు చేయించాలన్నాడు. పాత ట్రంకులోంచి, దాన్ని తెలుగు చేసిన అనువాదకుడి చేతిరాత కట్ట బయటికి తీశారు. అనువాదకుడు పోయి చాలా ఏళ్లయింది. మామ ముప్పై ఒకటో పేజీ తీశాడు. పెళ్లి తెగిపోతుంది, ముఖం చూడకూడదు అన్న వాక్యం చివర బ్రాకెట్లో ‘జ’ అని ఉంది. పేజీలు తిప్పాడు. అలాంటివి పందొమ్మిది. కట్ట అడుగున, కంపోజింగుకి ఎన్నడూ వెళ్లని కాగితం మీద అనువాదకుడు రాసి పెట్టాడు: ‘జ’ అంటే జయీఫ్, బలహీనమైన ఉల్లేఖన. విని చెప్పినవాళ్ల పరంపర తెగింది కాబట్టి దీన్ని నియమంగా తీసుకోకూడదు.

ఇరవై ఆరేళ్ల కిందట, కొత్తగా పనిలో చేరినప్పుడు, అర్థంపర్థం లేని అక్షరాలేమిటివి అని ఆ పందొమ్మిది ‘జ’లనూ ప్రూఫుల్లో ఎర్రసిరాతో కొట్టేసింది మామే. కళ్లంటే నీవిరా అని యజమాని భుజం తట్టి మెచ్చుకున్నాడు కూడా. ప్రతి అక్షరానికీ సాక్ష్యం అడిగే మనిషి, తన చేత్తో సాక్ష్యాన్నే చెరిపేశాడు.

మదరసాలో ఉండే ముసలి మౌల్వీ దగ్గరికి పరుగెత్తాడు. ఇద్దరూ మూడు మధ్యాహ్నాలు పుస్తకాలు తిరగేశారు. ముప్పై ఒకటో పేజీ మాట చెప్పినవాడికీ, ఆయన ఎవరి దగ్గర విన్నానన్నాడో ఆయనకూ మధ్య ఒక తరం ఖాళీ తేలింది. ఖురాన్ ఆస్తి పంపకం చెప్పేచోట పోయిన ఆడవాళ్లను కూడా మీ భార్యలు అనే అంటుందని మౌల్వీ చూపించాడు. నాకంటే ముందు నువ్వు పోతే నేనే స్నానం చేయిస్తానని ప్రవక్త తన భార్యతో అన్నట్టు ఒక ఉల్లేఖన ఉంది. దాని పరంపర మీద కూడా చర్చ ఉందని ఆ పెద్దాయన దాచకుండా చెప్పాడు.

"భర్త కడగడం మీద పెద్దల్లో తేడాలున్నాయి. కుదరదన్నవాళ్లూ ఉన్నారు. ముఖం చూడొద్దన్న మాటకు మాత్రం నాకు ఏ ఆధారమూ దొరకలేదు నాయనా" అని, అంతా ఒక కాగితం మీద రాసిచ్చాడు.

కాగితం జేబులో పెట్టుకుని మామ రెండు రోజులు నోరు మెదపలేదు. చెప్పకపోతే ఆఖరిచూపు దక్కదు. చెబితే, ఇన్నేళ్లుగా ఎంతమంది మగవాళ్లను ఊరికే గుమ్మంలోంచి తరిమిందో చావబోయే మనిషికి తెలిసిపోతుంది. ఏది చేసినా ఆమెకు అన్యాయమే. మూడో రోజు రాత్రి చెంచాతో నీళ్లు పడుతూ, ఉండబట్టలేక మొత్తం చెప్పేశాడు.

తిడుతుందనుకున్నాడు. తిట్టలేదు, అదే ఆయన్ని ఎక్కువ భయపెట్టింది. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పదకొండు దగ్గర చెయ్యి పక్క మీద వాలిపోయింది.

"ఆ టైలరు, పెళ్లాం పోయిన రోజు రెండు గంటలు గుమ్మంలో నిలబడ్డాడండీ. ఒక్కసారి వేలు పట్టుకోనివ్వమన్నాడు. నేను తలుపేశాను." కాసేపు ఊపిరి తీసుకుంది. "నాకు మీరే స్నానం చేయించండి. రేపు చిన్నక్క రాగానే నేనే చెప్తాను. ఆ టైలర్ని కూడా పిలవండి."

మర్నాటికి ఆవిడకు మాట పడిపోయింది. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ అవి ఎవరినీ చూడటం లేదు. మధ్యాహ్నం వచ్చిన చిన్నక్కకు మామ జరిగిందంతా చెప్పాడు. ఆమె రోగి పెదవుల వంక చాలాసేపు చూసి, దుప్పటి అంచు సర్ది వెళ్లిపోయింది. మామ టైలరు కొట్టుకి వెళ్లి తన తప్పు ఒప్పుకున్నాడు. వింటున్నంతసేపూ అతను మిషను ఆపలేదు. కుట్టు చివరిదాకా లాగి, దారం తెంపి, "సరే మామా" అని ఇంకో గుడ్డ అందుకున్నాడు.

మాట పడిపోయిన మూడో రోజు పదకొండు గంటలకు ఆవిడ పోయింది. వెనక గదిలో బల్ల వేశారు. పక్కింటి ఇద్దరూ లోపల నీళ్లు తోడుతున్నారు. మామ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి చిన్నక్క తలుపు పట్టుకుని నిలబడింది. ఆయన మౌల్వీ రాసిచ్చిన కాగితం చూపించాడు. ఆమె శ్రద్ధగా చదివి తిరిగిచ్చింది.

"మౌల్వీ సాబ్ రాసింది నిజమే కావొచ్చు మామా. కానీ ఇది అక్క ఒళ్లు, అక్క మాట. రానివ్వొద్దని నా చెయ్యి పట్టుకుని చెప్పింది, వీళ్లిద్దరూ విన్నారు. తర్వాత మాట మార్చుకుందని మీరంటున్నారు. ఎవరు విన్నారు?"

"నేనే విన్నాను."

"ఇంకెవరూ లేరా?"

మామ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ చోట తానున్నా ఇదే అడిగేవాడు. కోపం తెచ్చుకుందామన్నా ఎవరి మీద తెచ్చుకోవాలి?

"నేను విన్నాను" అన్నారెవరో వెనక నుంచి. టైలరు. చొక్కా మీద దారప్పోగులు అలాగే ఉన్నాయి. "నన్ను పిలిపించి నా ముందే చెప్పింది. మామను లోపలికి వెళ్లనివ్వు."

చిన్నక్క చెయ్యి తలుపు మీంచి జారింది. రెక్క జానెడు తెరుచుకుంది. బల్ల చివర ఆవిడ మడమలు కనిపించాయి. ఒక్క అడుగు వేస్తే చాలు. ఆ అడుగు వెయ్యాలని మామ ప్రాణం కొట్టుకుపోయింది. టైలరు వంక చూశాడు. అతను నేల చూస్తున్నాడు. పాపం, జాలితో అన్న మాటే. కానీ ఆమె అనగా విన్నానని ఇవాళ ఒకడు అంటే, రేపు పదిమంది అంటారు. లేని సాక్షిని పుట్టించి ఆమె నోట్లో మాట పెట్టడం, అదీ ఆమెను బల్ల మీద పడుకోబెట్టుకుని, ఆయన వల్ల కాలేదు.

"ఇతను వినలేదమ్మా. ఆమె చెప్పినప్పుడు నేనొక్కడినే ఉన్నాను" అన్నాడు.

"మామా" అన్నాడు టైలరు, బతిమాలుతున్నట్టు.

చిన్నక్క కళ్లు తుడుచుకుంది. కళ్లు తుడుచుకుంటూనే తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టింది. లోపల బల్ల మీద మొదటి చెంబు నీళ్లు పడ్డ చప్పుడు వినిపించింది. చుక్కల మామ తలుపుకి నుదురు ఆనించి పెద్దగా ఏడ్చాడు.