గీత పడని తెర

ఆఫీసువాళ్లు ఇచ్చిన డిజిటల్ డైరీ మీద నేను ఏడాదిపాటు ఒక్క గీత కూడా పడనివ్వలేదు. నేను చేసిన తప్పు అదే. ఇన్నేళ్లయినా ఈ మాట రాస్తుంటే నాకు ఒళ్లు మండుతుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో అరకు కొండల్లో డుంబ్రిగుడ దగ్గర ఒక ఆరోగ్య సబ్‌సెంటర్‌లో నర్సుగా ఉండేదాన్ని. దాని వెనక గదిలోనే కాపురం. కాపురమంటే నేనొక్కదాన్నే, అప్పటికి నాలుగేళ్లుగా. సాయంత్రం అయ్యేసరికి మంచు దిగి ఎదురుగా ఉన్న కొండ కూడా కనిపించేది కాదు. సంత రోజు తప్ప పనిలేకుండా నాతో మాట్లాడే మనిషి ఉండేది కాదు. బదిలీకి అయిదు అర్జీలు పెట్టాను. ఒక్కదానికీ జవాబు రాలేదు. వాటి నకళ్లు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి.

అప్పుడు నలుగురు నర్సులకు ఆ డైరీలు ఇచ్చారు. అరచేతిలో ఇమిడేవి. మూత తెరిస్తే పైన తెర, కింద ఇంగ్లీషు అక్షరాల మీటలు. మీటల మీద పరచడానికి పల్చటి ప్లాస్టిక్ తొడుగు ఒకటి ఇచ్చారు. దాని మీద తెలుగులో జ్వరం, టీకా, కాన్పు, మరణం అని అచ్చు వేసి ఉండేది. ఏ మాట మీద నొక్కితే ఆ వివరం లోపలికి పోతుంది. ఇక రిజిస్టర్లు రాయొద్దన్నారు. ఏడాది తర్వాత పరీక్షించి, బాగా వాడినవాళ్లలో ఒకరిని విశాఖపట్నం రప్పించి, మిగతావాళ్లకు నేర్పే పనిలో పెడతామన్నారు. కొండ దిగడానికి నాకు కనిపించిన దారి అదొక్కటే.

అందుకే దాన్ని కళ్లలో పెట్టుకుని చూసుకున్నాను. తెర మీద కొత్తలో అతికించి ఉన్న పొర తియ్యలేదు. అంచులు లేస్తుంటే, పాత ఎక్స్‌రే ఫిల్మును నానబెట్టి, నలుపంతా గీకేసి, తెర కొలతకు కత్తిరించి పైన వేశాను. కాస్త నీలంగా ఉన్నా అంకెలు కనిపించేవి. చెమ్మకు తొడుగు ముడుచుకుపోతుంటే, గాయాలకు వేసే ప్లాస్టరుతో నాలుగు మూలలా బిగించాను. వానలో ఊళ్లు తిరిగేటప్పుడు నా తల తడిసింది గాని అది తడవలేదు.

అనంతగిరి వైపు పనిచేసే నర్సు శ్రీకాకుళం మనిషి. నాకన్నా పెద్దది కనక అక్కా అనేదాన్ని. ఆవిడ తన తొడుగును మొదటి వారమే ఎక్కడో పారేసింది. నాది చూసి అందరి ముందూ నవ్వింది.

“ఏటే గుంటా, ఆ పెట్టెకి అన్ని సీరలు సుట్టీసినావు? దానికేటి సలేత్తాదా?”

ఆవిడ డైరీ ఊళ్లు తిరగలేదు. అరకులో వాళ్లాయన కిరాణా కొట్టు గల్లా దగ్గర ఉండేది. ఆయన బెల్లం చేత్తోనే దాన్ని నొక్కి, వ్యాపారుల ఫోన్ నంబర్లు దాచుకునేవాడు. ఖాళీగా ఉన్నప్పుడు అందులో ఆట ఆడుకునేవాడు. నా కళ్లతో చూశాను.

పరీక్ష అరకులోనే పెట్టారు. కొండ కింద నుంచి ఒక ఆఫీసరు, ఒక టెక్నీషియన్ వచ్చారు. బ్యాటరీలు మార్చే పద్ధతి చూపిస్తానని టెక్నీషియన్, శుభ్రంగా ఉందని, ముందుగా నాదే తీసుకున్నాడు. లోపలున్న రెండు బిళ్ల బ్యాటరీలూ ఒకేసారి పీకేశాడు. ఒకటి మార్చాకే రెండోది తియ్యాలి, లేకపోతే లోపల దాచినదంతా పోతుంది. ఆ సంగతి అతనికి నాది చెరిపేశాకే గుర్తొచ్చింది. మిగతా మూడింటికీ ఒక్కొక్కటే మార్చాడు. నేను ఇదేమిటని అడిగితే, అందులో అసలేమైనా ఉందో లేదో తాను చూడలేదని ఆఫీసరుతో చెప్పాడు.

ఆఫీసరు నా ప్లాస్టరు ముక్కలు ఊడదీసి, తొడుగెత్తి, పొర లాగాడు. కింద మీటలు నిగనిగలాడుతున్నాయి. పక్కనున్న అక్క డైరీ చేతిలోకి తీసుకున్నాడు. అక్షరాలు అరిగిపోయాయి, తెర నిండా గీతలు.

“పనిచేసిన మెషినంటే ఇలా ఉంటుందమ్మా. నీది పెట్టెలోంచి తీసినట్టే లేదు.”

నేను ఆ తొడుగు తీసి ఆయన ముందు పెట్టాను. జ్వరం అన్న మాట పూర్తిగా చెరిగిపోయి ఉంది. నా వేలు పడి పడి అక్కడ ప్లాస్టిక్ గుంట పడింది. ఆయన దాన్ని దీపానికి అడ్డంగా పట్టి చూసి, ఎండకి వెలిసి ఉంటుందన్నాడు. ఆ మంచులో, ఎండకి. అక్క డైరీలో ఏం దాచారో నొక్కి చూస్తే ఉల్లిపాయల వ్యాపారుల పేర్లు వచ్చేవి. ఎవరూ నొక్కి చూడలేదు. అక్క పైట సర్దుకుంటూ కూర్చుంది.

విశాఖపట్నం ఆవిడే వెళ్లింది. వెళ్లేముందు బస్సు దగ్గర నా చెయ్యి పట్టుకుంది.

“నానడిగినానేటే? ఆళ్లే ఇచ్చినారు. మనసులో ఎట్టుకోకు.”

పెట్టుకున్నాను.

నాకు మాత్రం నెలలోగా ఏడాది వివరాలన్నీ మళ్లీ సేకరించమని కాగితం వచ్చింది. మళ్లీ ఊరూరూ తిరిగాను. ఒక ఊళ్లో, వానల్లో జ్వరం వచ్చి నెలల పిల్ల పోయిన తల్లి ఇంటికి వెళ్లాను. వాకిట్లో కూర్చుని కాఫీ పళ్లు ఏరుతోంది. పక్కన కూర్చుని డైరీ తెరిచి, పిల్ల పేరు, ఎన్నో నెల, జ్వరం ఎన్ని రోజులుంది అని అడిగాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

“ఒకపాలి సెప్పినాను గదా నర్సమ్మా. నువ్వు నొక్కినావు. నాను సూసినాను.”

అదంతా చెరిగిపోయిందని చెప్పాను.

“ఎవులు సెరిపినారు?”

జవాబు నా నాలుక చివరే ఉంది. ఆ నెలంతా కనబడిన ప్రతి మనిషికీ చెప్పినదే. టెక్నీషియన్, ఆఫీసరు, అక్క, ఎవరి వాటా ఎంతో నాకు కంఠతా వచ్చు. ఆమె ముందు మాత్రం ఆ లెక్క విప్పలేదు. ఆమె పళ్ల బుట్ట పక్కకి జరిపింది. జ్వరం మొదలైన రోజు నుంచి మళ్లీ చెప్పడం మొదలుపెట్టింది.

నేను డైరీ మూసేశాను. సంచిలో టీకాల చీటీ ఒకటి ఉంటే, దాని వెనక పెన్నుతో రాసుకున్నాను. ఆమె చెప్పడం అయ్యేదాకా తల ఎత్తలేదు.