మగ్గం గుంతలోంచి లేచే మోకాలు

మా మరిది మగ్గం గుంతలోంచి లేవబోతూ కుడి మోకాలు గట్టుకు ఆనించాడు. కేక వేసి కూలబడ్డాడు. మోకాలి ఆపరేషన్ కట్టు విప్పాక అతను నేతకు కూర్చున్న మొదటి రోజు అది. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆ రోజు నుంచి మోస్తున్నదాన్ని ఇన్నేళ్లకు మీ ముందు దించుతున్నాను.

గరడీ గోదాలో కుస్తీ పడుతూ అతను మోకాలి లోపలి లిగమెంటు తెంచుకున్నాడు. మా బెంగళూరు పేట ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. డాక్టరు బొమ్మలు గీసి నాకే చెప్పారు. పాత పద్ధతిలో తొడ పక్క పొరలోంచి ఒక పట్టీ కోసి, ఎముకల్లో తొలిచిన రంధ్రాల గుండా దూర్చి బిగిస్తారు. ఆయన కొత్తగా మొదలుపెట్టిన దాంట్లో మోకాలిచిప్ప కింది స్నాయువులోంచే ఒక పాయ తీస్తారు. నేను కాలేజీలో జంతుశాస్త్రం చదివాను. రెండో బొమ్మ మీంచి చూపు తిప్పుకోలేకపోయాను. ఆ పాయ కొత్తచోట బతుకుతుందా? ఎలా అతుక్కుంటుంది?

"మోకాలు నేలకు ఆనించే పనా ఇతనిది? అయితే పాతదే మేలు. కొత్తదాంట్లో చిప్ప కింద నొప్పి మిగలవచ్చు" అన్నారు డాక్టరు, ఇంగ్లీషులో.

"కాదు, కూర్చుని చేసే పని" అన్నాను.

"ఏమంటాడు వదినా డాక్టరప్ప?" అన్నాడు మరిది.

"రెండు దారులుండాయంట. కొత్తదే మంచిదంట."

"కప్పల్నే కోసినదానివి, నా కాలు నీకొక లెక్కా! నువ్వు చెప్పినట్లే కానీ" అని నవ్వాడు.

పోగు తెగినప్పుడల్లా అతను మోకాలు గట్టుకు ఆనించి గుంతలోంచి పైకి వస్తాడని నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

మోకాలు గట్టిగానే నిలిచింది. నడుస్తాడు, మెట్లెక్కుతాడు. నేలకు ఆనిస్తే మాత్రం నొప్పి, అంతే. మగ్గం పోయింది. ఇప్పుడు వసారాలో రాట్నం మీద నూలు కండెలు చుడతాడు. పాత పద్ధతే చేయించి ఉంటే? తొడ బలం తగ్గేదేమో. సిగ్గులేని మనసు ఇప్పటికీ పోల్చి చూస్తుంది. అతను మెట్లెక్కుతుంటే జాలి కలిగే లోపే, ఎంత వంగిందో చూడటానికి నా కళ్లు మోకాలి మీదికి పోతాయి. నాకు కావలసింది అతని కాలా, నా ప్రశ్నకు జవాబా?

రాత్రి రాయడం ఇక్కడ ఆపాను. పొద్దున పిల్లలు మళ్లీ అడిగారు, అతని ఎదుటే: "చిన్నాయన మగ్గం ఎందుకు నేయడమ్మా?"

ఎప్పుడూ కుస్తీ దెబ్బ అనేదాన్ని.

"డాక్టరు అడిగితే నేను అబద్ధం చెప్పినా. కొత్త ఆపరేషన్ ఎట్లుంటాదో చూడాలని."

రాట్నం ఆగింది. ఈ మాటలు రాస్తున్నాను, ఇంకా తిరగలేదు. చెవులు అటే ఉన్నాయి. చెప్పినదాన్ని వెనక్కి తీసుకోవాలని మాత్రం అనిపించడం లేదు.